ముందటి దర్వాజ

జనార్ధన్ రెడ్డి భార్య మాదిగవాడకు పోయిందంటే ఊళ్లో ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు, కారులో పోయి ఉంటే. ఓట్ల కాలంలో ఆ కారు అటు తిరగనిదెప్పుడు? విజయమ్మ మాత్రం నడిచి పోయింది. శుక్రవారం, పట్టపగలు పదకొండున్నరకు, కిరాణా దుకాణం ముందు నుంచి, పాలకేంద్రం ముందు నుంచి, అరుగుల మీద కూర్చున్న ప్రతి మగవాడి కళ్ల ముందు నుంచి పోయింది. ఎక్కడికని ఎవరైనా అడిగితే చెప్పడానికి జవాబు కూడా సిద్ధం చేసుకుంది. అడిగే ధైర్యమే ఎవరికీ లేకపోయింది.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో ఉన్న ఆ ఊరికి ఆమె కోడలిగా వచ్చి పదహారేళ్లు. ఇన్నేళ్లలో వాడలో అడుగు పెట్టలేదు. పెట్టవద్దని ఎవరూ చెప్పలేదు. చెప్పనవసరం లేని సంగతులు కొన్ని ఉంటాయి, అవి అత్తవారింటి గాలి పీలిస్తేనే వంటబడతాయి.

ఇప్పుడు ఆమెను నడిపిస్తున్నది ఆమె బిడ్డ. అశ్రితకు తొమ్మిదేళ్లు. మామూలు జ్వరమని మొదలైంది మెదడువాపు దాకా పోయింది. సుచిత్ర చౌరస్తా దగ్గరి ఆసుపత్రిలో ముప్పై రోజులు ఉంచారు. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు, వాళ్లకు వంక పెట్టడానికి ఏమీ లేదు. ప్రాణం దక్కింది, మనిషి ఎప్పుడు తిరిగి వస్తుందో చెప్పలేమని ఇంటికి పంపారు. ముక్కులో గొట్టం, ఆ గొట్టంలో నుంచి పాలు, జావ. కళ్లు తెరిచే ఉంటాయి కానీ చూడవు. పిలిస్తే పలకదు, గిల్లినా ఏడవదు. "మాట్లాడుతూ ఉండండి, ఎప్పుడో ఒకప్పుడు వినొచ్చు" అన్నాడు పెద్ద డాక్టరు. ఆ ఎప్పుడో ఒకప్పుడు అన్న మాటను పట్టుకుని విజయమ్మ బతుకుతోంది.

మొక్కని దేవుడు లేడు. కొమురవెల్లి మల్లన్నకు మొక్కారు, ఎల్లమ్మకు బోనం ఒప్పుకున్నారు, అయ్యగారు వచ్చి హోమం చేసి పోయాడు. మేకల బేరం చేసే ఖాలిక్ భాయి దర్గా నుంచి తాయెత్తు తెచ్చి, మంచం దాకా వచ్చి, తన చేత్తోనే పిల్ల దండచేతికి కట్టాడు. అత్తగారు లక్ష్మీకాంతమ్మ ఆయనకు చాయ్ కూడా పోసింది. అందరూ ముందటి దర్వాజ నుంచే వచ్చారు, ముందటి దర్వాజ నుంచే పోయారు. ఆపద వచ్చిన ఇంటికి దేవుళ్లలో తేడా లేదని విజయమ్మ అనుకుంది. తేడా ఉందని రూతమ్మ పేరు ఎత్తినప్పుడు తెలిసింది.

వాడలోని రేకుల చర్చికి పాస్టరు మేడ్చల్ నుంచి ఆదివారం ఆదివారం వస్తాడు. మిగతా ఆరు రోజులు ఆ చర్చికి రూతమ్మే దిక్కు. డెబ్బై ఏళ్ల ముసలామె. జబ్బుపడ్డవాళ్ల తల మీద ఆమె చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే నయమవుతుందని చుట్టుపక్కల నాలుగూళ్లలో పేరు. ఆమె కోడలు సరళ విజయమ్మ ఇంట్లో గిన్నెలు తోముతుంది. ఇంట్లో అనడం కూడా ఊరికే అనడమే. పెరటి గుమ్మం దాకానే సరళ వచ్చేది. గిన్నెలే బయటికి వస్తాయి, ఆమె లోపలికి పోదు.

ఒకనాడు బూడిద చేత్తోనే కళ్లు తుడుచుకుంటూ సరళ ఒక కథ చెప్పింది. ప్రభువు కాలంలో రోము పటాలంలో నూరుమంది సిపాయిల మీద ఒక అధికారి ఉండేవాడట. పరాయి జాతివాడు, పరాయి మతంవాడు. ఇంట్లో పనివాడు చావుబతుకుల్లో ఉన్నాడు. వస్తానని ప్రభువు అంటే, మీరు నా ఇంటికి వచ్చేంత గొప్పవాణ్ణి కాను, ఉన్నచోటనే ఉండి ఒక్క మాట అనండి, చాలు అన్నాడట. ఆ మాటతోనే పనివాడు లేచి కూర్చున్నాడట.

ఈ కథను పెరటి తలుపు వెనక నిలబడి జనార్ధన్ కూడా విన్నాడు. వెంచర్లు వేసి, ప్లాట్లు అమ్మి ఆరితేరిన మనిషి. ఏ కాగితంలో తనకు పనికొచ్చే ముక్క ఎక్కడుందో ఇట్టే పట్టేస్తాడు.

"మంచిదే గదా. ఇంటికి రావద్దు, మాట చాలని వాళ్ల వాక్యంలనే ఉన్నది. ఫోన్ల చెయ్యమను," అన్నాడు.

అట్లా ఫోన్ ప్రార్థన మొదలైంది. రోజూ పొద్దున ఏడింటికి విజయమ్మ ఫోను స్పీకర్‌లో పెట్టి దిండు పక్కన ఉంచేది. రూతమ్మ అక్కడి నుంచి ప్రార్థన చేసేది, పాట పాడేది. నాలుగోనాడు పాట నడుస్తుండగా అశ్రిత కుడిచేతి వేలు దుప్పటిని గీరింది. అది దానంతటదే కదులుతుంది మేడం అంది ఇంట్లో పెట్టుకున్న నర్సు. కావచ్చు. కాకపోనూ వచ్చు. కానీ ఆ క్షణాన తల్లి కడుపులో ఒక నమ్మకం పడింది. ఫోన్‌లో గొంతుకే వేలు కదిలితే, ఆ చెయ్యి తల మీద పడితే పిల్ల లేస్తుంది. ఇది ఎవరూ వాదించి తీసేయగలిగే నమ్మకం కాదు.

ఆరోనాడు రూతమ్మే అడిగింది. "విజయమ్మా, నేనొచ్చి బిడ్డ తల మీద చెయ్యి వెడ్త. ఎప్పుడు రమ్మంటవ్?"

మంచానికి అవతల జనార్ధన్ కూర్చుని ఉన్నాడు, అడ్డంగా తలూపాడు. విజయమ్మ నోట్లో నుంచి అబద్ధం దానంతటదే వచ్చింది. "డాక్టర్లు బయటోళ్లను రానియ్యొద్దన్నరు రూతమ్మా."

"ఖాలిక్ భాయి వచ్చిపోయిండంట గదా," అంది రూతమ్మ. అని ఫోను పెట్టేసింది. మరునాడు ఏడింటికి ఫోను మోగలేదు. ఆ మరునాడూ మోగలేదు. సరళ వచ్చి తల ఎత్తకుండా గిన్నెలు తోమి పోయింది. మూడోనాడు విజయమ్మ చెప్పులు తొడుక్కుంది.

*

శుక్రవారం చర్చిలో ఉపవాస ప్రార్థన. పొద్దున మొదలుపెడితే మూడింటికి గానీ ముగియదు, అప్పటిదాకా ఎవరూ మంచినీళ్లు కూడా ముట్టరు. చాపల మీద ఇరవైమంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. విజయమ్మ చెప్పులు విడిచి లోపలికి రాగానే పాట ఆగిపోయింది. ఎవరో అలవాటు చొప్పున ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. ఆమె దాన్ని పక్కకు జరిపి చాప మీద కూర్చుంది.

"ఏం పని మీద వచ్చినవ్ విజయమ్మా? ఓట్లు ఇప్పట్ల లేవు గదా," అంది రూతమ్మ. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"నా బిడ్డ కోసం వచ్చిన. ఇంటికి రా అవ్వా."

"డాక్టర్లు రానియ్యొద్దన్నరంటివి."

"అబద్ధం జెప్పిన," అంది విజయమ్మ. చెప్పాక ఆమెకు ఒళ్లు తేలికైంది. "డాక్టర్లు ఏమనలేదు. నువ్వు గడప దొక్కితే ఇల్లు మైలపడ్తదని మా ఇంట్ల భయం. మొన్నటిదాక నాకు గూడ ఉండె. ఇప్పుడు లేదు."

ఇంత బాహాటంగా ఆ మాట ఆ వాడలో ఎవరూ ఎన్నడూ వినలేదు. అందరికీ తెలిసిందే, పెద్దింటివాళ్ల నోట రాగా వినడమే కొత్త.

రూతమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "పటాలం అధికారి కథ మీ పటేలుకు మస్తు నచ్చిందని సరళ జెప్పింది. నువ్వు నా ఇంటికి వచ్చేంత గొప్పోన్ని గాదు నేను అన్నడు ఆయన. మా ఇంటికి వచ్చేంత దానివి గాదు నువ్వు అంటున్నడు మీ పటేలు. రెండు ఒకటేనా?"

"గాదు."

"అయినా ఆరు దినాలు మొరవెట్టిన. పసిదానికి ఏ పాపం తెల్వదని. గని దేవునితోని మాట్లాడుతుంటే నడుమ అబద్ధం అడ్డం వడ్డంక నాకు నోరు లేస్తలేదు."

వెనక నుంచి బాలమణి అనే ఆమె అందుకుంది. రెండేళ్ల కింద జనార్ధన్ తన వెంచర్‌కు రోడ్డు కావాలని చర్చి ప్రహరీని ఒక పక్క పడగొట్టించాడు. మళ్లీ కట్టిస్తానన్నాడు, ఆ మాట గాలికి పోయింది. ఆ గోడ కట్టినప్పుడు ఇటుకలు మోసిన ఆడది బాలమణి. "మన గోడ గూలగొట్టినోళ్ల ఇంటికి ఎందుకు పోవాలె? వానొస్తే రోడ్డు నీళ్లన్నీ ఈడికే. మన పిల్లలు ఆ బురదల్నే కూసుంటలేరా? వాళ్లు పిల్లలు గారా?"

విజయమ్మకు సిగ్గుతో చెవులు కాలాయి. లేచిపోవాలనిపించింది. కానీ మంచం మీద తెరిచి ఉన్న ఆ రెండు కళ్లు గుర్తొచ్చాయి. సిగ్గు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

"నిజమే. తిట్టుండ్రి," అంది. "నడుసుకుంట తిట్టుండ్రి. మా ఇంట్ల కూసోని తిట్టుండ్రి. నా బిడ్డ తల మీద ఒక చెయ్యి వెట్టి, ఇంకో చేత్తోని నన్ను గొట్టుండ్రి. ఉత్త చేతులతోనైతే నేను ఈడికెల్లి లేవ."

రూతమ్మ ఉన్న నాలుగు పళ్లూ కనపడేట్టు నవ్వింది.

"నీసొంటి మొండిది ఒకతె వాక్యంల ఉన్నది," అంది. "కనాను దేశపుది. బిడ్డకు దయ్యం వట్టిందని ప్రభువు ఎంట వడ్డది. శిష్యులు పంపేయ్ అన్నరు. ప్రభువే పిల్లల రొట్టె కుక్కలకు ఎయ్యొద్దన్నడు. ఆయన నోట గా మాట ఎందుకొచ్చిందో అని నేను ఎన్నిసార్లు ఏడ్చిననో. ఆమె ఏడ్వలే. బల్ల కింద వడ్డ ముక్కలు కుక్కలు తినయా స్వామీ అన్నది. ప్రభువుకు ఎదురు మాట జెప్పి గెలిసింది ఆమె ఒక్కతే."

"ఆమె బిడ్డ లేసిందా?"

"లేసింది." రూతమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టి తానూ లేచింది. "ఏ దర్వాజ నుంచి తీస్కపోతవ్?"

"ముందటి దర్వాజ నుంచి."

"మీరు పాట ఆపకుండ్రి, నేనొస్త," అని రూతమ్మ ఆడవాళ్లకు చెప్పి బయల్దేరింది.

*

వాళ్లు చేరేలోగానే కబురు చేరింది. గేటు దగ్గర జనార్ధన్, గుమ్మంలో లక్ష్మీకాంతమ్మ. డ్రైవరు పరమేష్ కారు తుడుస్తున్నట్టు నటిస్తున్నాడు. ఎదురింటి మిద్దె మీద మనుషులు లేచి నిలబడ్డారు.

జనార్ధన్ చెడ్డ తండ్రి కాదు. నలభై రోజులుగా ఆయనకూ నిద్ర లేదు, గడ్డం మాసిపోయి మనిషి సగమయ్యాడు. కానీ ఆయన తాత, తండ్రి నిలబెట్టిన గడప అది. బిడ్డ కోసం ప్రాణమిస్తాడు గానీ గడపను మాత్రం ఇయ్యలేడు. ఇలాంటి మనుషులు మనకు తెలియనివారు కారు.

"ఇజ్జత్ తీసినవ్. సరే, అయిందేదో అయింది," అన్నాడు గొంతు తగ్గించి. "పెరట్ల నుంచి తీస్కపో. లోపలికే రానిస్తున్న. ఇంతకంటె ఏం దిగాలె నేను?"

తాను చాలా ఇచ్చేశాననే ఆయన అనుకున్నాడు. రూతమ్మ వెనక్కి తిరిగింది.

"ఆగు అవ్వా, రెండు నిమిషాలు," అని విజయమ్మ లోపలికి పోయింది. ఏడవడానికి పోయిందనుకున్నారు అందరూ.

ఆమె పిల్లను భుజాన వేసుకుని బయటికి వచ్చింది. గొట్టం చెంపకు అంటించి ఉంది, కాళ్లు తల్లి మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి.

"ఎక్కడికే?" అన్నాడు జనార్ధన్.

"ఆమె లోపలికి రావద్దన్నరు గదా. నా బిడ్డ బయటికి పోవద్దని ఏ శాస్త్రంల ఉన్నది?"

"పాణం బాగలేని పిల్లను ఎండల తిప్పుతవా విజయా," అని లక్ష్మీకాంతమ్మ ఏడ్పు గొంతుతో అంది.

"ఇన్ని దినాలకెల్లి నీడల్నే ఉన్నది అత్తమ్మా. ఏమొచ్చింది? మన ఇంటి మర్యాద కాపాడుకుంట కూసుంటే నా బిడ్డ గట్లనే మాడిపోతది. మర్యాద మీరు కాపాడుకోండ్రి. బిడ్డను నేను కాపాడుకుంట."

జనార్ధన్ గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. ఆమె ఆగలేదు, నడక కూడా తగ్గించలేదు. నెడితే జబ్బుపిల్లను నెట్టాలి. ఆఖరు అడుగులో ఆయనే జరిగాడు. పరమేష్ తొందరగా కారు తలుపు తీశాడు. ఆమె అటు చూడనైనా చూడలేదు.

రోడ్డు మీద పది అడుగులు వేశాక తెలిసింది, తొమ్మిదేళ్ల పిల్ల ఆరేళ్ల పిల్లంత బరువు కూడా లేదు. విజయమ్మకు కోపం ముంచుకొచ్చింది. మొగుడి మీద, అత్త మీద, అందరికంటే ఎక్కువ తన మీద. ఫోను దిండు పక్కన పెట్టి తాను ఎంతో సాహసం చేస్తున్నానని మురిసిపోయిన ఆ ఆరు రోజుల మీద. పెరట్లో గిన్నెలు వదిలేసి సరళ పరుగెత్తుకొచ్చి పిల్ల తల కింద చెయ్యి పెట్టింది. ఇద్దరు ఆడవాళ్లూ ఒక పిల్లను మోసుకుంటూ, ముందు ఒక ముసలామె దారి చూపుతూ ఊరి నడిబొడ్డు నుంచి పోయారు. కండ్లకోయ కాలేజీ బస్సొకటి వెనక వచ్చి, హారన్ కొట్టకుండా వాళ్ల నడకకే తగ్గించుకుని వచ్చింది.

*

చర్చిలో చాపల మధ్య పిల్లను పడుకోబెట్టారు. గోడ కోసం అరిచిన బాలమణే తన కొంగు మడిచి తల కింద పెట్టింది. రూతమ్మ పక్కన కూర్చుని అశ్రిత నుదుటి మీద చెయ్యి వేసింది.

ఆ ప్రార్థన బతిమాలినట్టు లేదు, తగువు పెట్టుకున్నట్టు ఉంది. "ఈ తల్లి నన్ను రానియ్యని ఇంటికెల్లి ఎల్లొచ్చింది. ఇంతమంది సూస్తుంటే వచ్చింది. ఇగ నువ్వు రావా? నువ్వు రాకపోతే ఈమెకు నేనేం మొఖం సూపెట్టాలె?" అని అడుగుతూనే ఉంది. మధ్యలో పాట, మళ్లీ అడగడం. పావుగంట అయింది. అరగంట అయింది. రేకుల కింద వేడికి అందరి ఒళ్లూ చెమటలు కారుతున్నాయి. పిల్ల కళ్లు ఎప్పటిలాగే పైకప్పును చూస్తున్నాయి.

ఏమీ కాకపోతే? విజయమ్మ ఆ ప్రశ్నను కూడా ఎదురుగా చూసింది. ఏమీ కాకపోతే మళ్లీ రేపు తెస్తాను. ఎల్లుండి తెస్తాను. లేవలేదని నా బిడ్డను వెనక్కి తీసుకుపోతానేమో గానీ, వచ్చినందుకు మాత్రం తలవంచను.

అప్పుడు వినపడింది. మొదట పాటలో కలిసిపోయింది, ఎవరూ గుర్తుపట్టలేదు. అశ్రిత నోరు వంకర తిరిగింది. సన్నగా, అప్పుడే పుట్టిన పిల్ల గొంతుతో ఏడ్చింది. కంటి కొస నుంచి నీళ్లు చెవి దాకా కారాయి. ముసలామె చేతి కింద నుంచి తల తిప్పి, తల్లి ఉన్న వైపు చూసింది. చూపు నిలిచింది.

ఆ తర్వాత డాక్టర్లు మెదడు మెల్లగా కోలుకుంటుందని, దాని కాలం దానికి ఉంటుందని చెప్పారు. అత్తగారు మల్లన్న అంది, ఖాలిక్ భాయి తాయెత్తు అన్నాడు. విజయమ్మ ఎవరితోనూ పేచీ పెట్టుకోలేదు. ఆమె చూసింది ఆమెకు చాలు.

ఏడుపు బయటికి వినపడింది. జనార్ధన్ వచ్చి చర్చి బయట వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడట, ఎంతసేపటి నుంచో ఎవరికీ తెలియదు. బిడ్డ గొంతు విని తలుపు తోసుకుని పరుగున లోపలికి వచ్చాడు.

"పటేలా, చెప్పులు," అంది రూతమ్మ, పిల్ల నుదుటి మీది చెయ్యి తీయకుండా.

జనార్ధన్ ఆగిపోయాడు. కాళ్ల వైపు చూసుకున్నాడు. గోడ కూలిన చోట ఆరని బురద ఆయన చెప్పుల నుంచి చాప మీద రెండు అడుగులుగా పడింది. వెనక్కి వెళ్లి, ఆడవాళ్ల చెప్పుల వరసలో తన చెప్పులు విడిచి, మళ్లీ వచ్చాడు. విజయమ్మ జరిగి చోటు ఇవ్వలేదు. ఖాళీ ఉన్నది గోడ దగ్గర, సరళ పక్కన. అక్కడే ఒక మోకాలు మోపి, చెయ్యి చాచి బిడ్డ పాదం పట్టుకున్నాడు. పాదం వెనక్కి లాక్కుంది పిల్ల. ఆయన భుజాలు కదిలిపోయాయి.

"బిడ్డను ఏడ్వనియ్యుండ్రి. ఎవ్వరు ఊకోవెట్టకుండ్రి," అంది విజయమ్మ.

కాసేపటికి ఆయన ఆమెకు మాత్రమే వినపడేట్టు అన్నాడు, "రేపు మన ఇంటికి రమ్మని జెప్పు. ముందట నుంచే."

"నాకెందుకు జెప్తరు? ఆమె మీ ముందటనే ఉన్నది. మీరే అడుగుండ్రి."

ఇరవైమంది ఆడవాళ్లు వింటున్నారు. వాడలో ఓట్లు తప్ప ఆయన ఇంకేదీ అడిగి ఎరగడు.

"అవ్వా. రేపు మా ఇంటికి రా."

"ప్రార్థన మూడింటిదాక ఉన్నది పటేలా. అయినంక మాట్లాడుదం," అంది రూతమ్మ, మళ్లీ పాట ఎత్తుకుంది.

జనార్ధన్ చేతి గడియారం చూసుకున్నాడు. ఇంకా గంటన్నర ఉంది. కాళ్లు ముడుచుకుని చాప మీద కూర్చున్నాడు.